రెండు జెండాల నడుమ ఆర్మేనియన్లు

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణపు అంచున, మడచెట్ల నడుమ చేపల రేవుగా ఉన్న ప్రాంతం తేంగాయితిట్టు. తమిళంలో ఆ పేరుకు కొబ్బరి దిబ్బ అని అర్థం. ఈ పరిసరాల్లోనే 1748లో రెండు సామ్రాజ్యాలు ఢీకొన్నాయి. బ్రిటిష్ నౌకాసేనాని బోస్కావెన్ మొదట అరియాంకుప్పం కోటను పట్టుకుని, ఆపై పుదుచ్చేరిని ముట్టడించి, వానలు ముంచుకురాగా వెనుదిరిగాడు. కోరమాండల్ తీరం ఆనాడు ఫ్రెంచి, ఆంగ్ల కంపెనీల సరిహద్దు. ఆ సరిహద్దుపై బతికిన ఒక చిన్న జాతికి విధేయత ఎంత ఖరీదైనదో ఆ యుద్ధం తెలియజెప్పింది.

ఆర్మేనియన్లకు సరిహద్దు కొత్తది కాదు. ఒట్టోమన్, సఫావిద్ రాజ్యాల పోరులో ఆరాస్ నదీతీరపు జుల్ఫా నగరాన్ని 1604-05లో షా అబ్బాస్ ఖాళీ చేయించి, ప్రజలను ఇస్ఫహాన్‌కు తరలించాడు. అక్కడ వెలసిన న్యూ జుల్ఫా వర్తకులే భారతదేశపు రేవులకు వ్యాపించారు. హైదరాబాదు ఉప్పుగూడలోని ఆర్మేనియన్ సమాధులు గోల్కొండ కాలంలోనే వారు తెలుగు నేలకు చేరిన సంగతికి సాక్ష్యం.

వారి వర్తకాన్ని తన ఓడల వైపు తిప్పుకోవాలని ఆశించిన ఆంగ్ల కంపెనీ 1688లో లండన్‌లో ఖోజా ఫనూస్ కలందర్‌తో ఒప్పందం చేసుకుంది. కంపెనీ పట్టణాల్లో ఆర్మేనియన్లు ఆంగ్లేయులతో సమానంగా నివసించవచ్చు, ఇళ్లు కొనవచ్చు, పదవులు పొందవచ్చు. నలభైమంది చేరిన చోట చర్చికి స్థలం లభిస్తుంది. కాగితం మీద అది సమానత్వమే. దాని పునాది మాత్రం కంపెనీ లాభం.

ఆ హామీని నమ్మి మద్రాసులో స్థిరపడిన వారిలో ప్రముఖుడు ఖోజా పెట్రస్ ఉస్కాన్. 1726లో సొంత ధనంతో అడయారు నదిపై సైదాపేట వద్ద మార్మలాంగ్ వంతెన కట్టించాడు. దాని మరమ్మతులకు నిధి కూడా ఏర్పరిచాడు. సెయింట్ థామస్ కొండకు మెట్లు వేయించాడు.

1746లో మద్రాసు ఫ్రెంచివారి వశమైంది. ఉస్కాన్ ఆస్తి జప్తయింది. పుదుచ్చేరికి తరలివస్తే అనుకూలంగా చూస్తామన్న ఫ్రెంచివారి ప్రలోభానికి ఆయన లొంగలేదు. ఆస్తి పోయినా ఆంగ్లేయుల పక్షమే వీడలేదు.

ఎక్స్-లా-షపెల్ సంధితో 1749లో మద్రాసు తిరిగి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. ఫ్రెంచివారితో చేతులు కలిపారన్న అనుమానంతో కంపెనీ రోమన్ కాథలిక్కులతో పాటు ఆర్మేనియన్లను కూడా శ్వేతనగరం నుంచి వెళ్లగొట్టింది. 1688 నాటి సమానత్వం ఒక్క ఉత్తర్వుతో కరిగిపోయింది. ఒకరిద్దరి దోషం నిజమే అనుకున్నా, శిక్ష పడింది మొత్తం సమూహానికి. 1751లో ఉస్కాన్ మరణించాడు. ఆయన కోరిక మేరకు హృదయాన్ని జుల్ఫాకు పంపారు. ఆయన కట్టించిన వేపేరి ప్రార్థనాలయాన్ని మరుసటి ఏడే ప్రొటెస్టంటు మిషనరీలకు అప్పగించారు.

ఇతరుల దయపై నిలిచే హక్కు నిలవదన్న గ్రహింపు ఆ తర్వాతి తరపు రాతల్లో కనిపిస్తుంది. మద్రాసు వర్తకుడు షాహమిర్ షాహమిరియన్ ముద్రణాలయంలో వెలువడి, ముఖపత్రంపై 1773 అని ఉన్న 'వొరొగైత్ పరత్స్'లో, అప్పటికి స్వతంత్ర రాజ్యమే లేని ఆర్మేనియాకు 521 అధికరణాల రాజ్యాంగ ముసాయిదా ఉంది. రాజు ఇష్టం కాక చట్టమే పాలించాలని, ప్రజాప్రతినిధుల సభ ఉండాలని అది కోరింది. ఆ దేశంలో నివసించే అన్య జాతీయులకు కూడా స్వేచ్ఛా సమానత్వాలను ప్రకటించింది. అమెరికా రాజ్యాంగం రాయడానికి ఆనాటికి ఇంకా 14 ఏళ్లుంది. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్'ను కూడా 1794లో మద్రాసులోనే హరుత్యూన్ ష్మావోనియన్ అనే పురోహితుడు ప్రారంభించాడు.

నేడు చెన్నైలో ఆర్మేనియన్ వీధి ఉంది, 1772 నాటి చర్చి ఉంది. ఆ సమాజం మాత్రం దాదాపు లేదు. మార్మలాంగ్ స్థానంలో 1966లో మరైమలై అడిగళ్ వంతెన వచ్చింది. పాతదాని శిలాఫలకమే మిగిలింది. అయితే యుద్ధమేఘాలు కమ్మినప్పుడల్లా అల్పసంఖ్యాకులను విధేయత రుజువు చేసుకోమనే అలవాటు ఆ కంపెనీతో అంతరించలేదు. ఉస్కాన్ ఆస్తినంతా ఒడ్డి రుజువు చేశాడు. అయినా ఆయన జాతివారికి అది సరిపోలేదు. పౌరసత్వాన్ని విధేయతకు బహుమానంగా చూసే ఏ పాలనలోనూ ఆ రుజువు ఎన్నటికీ సరిపోదు.