కాళ్ళు పీకే రాత్రులు

రాత్రి పదకొండు దాటాక మా బాబు నిద్రలోంచి లేచి ఏడుపు అందుకున్నాడు. "అమ్మా, కాళ్ళు పీకుతున్నాయి." ఎక్కడ నాన్నా అంటే వేలు పెట్టి ఒక చోటు చూపించలేకపోయాడు. తొడ మీద నుంచి పిక్క దాకా అరచెయ్యి జార్చాడు. రెండు కాళ్ళూ అంతే. పక్క గదిలోంచి మా అత్తయ్య వచ్చి, కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి పావుగంట సేపు ఒత్తింది. వాడు అలా ఒత్తుతుండగానే నిద్రపోయాడు. పొద్దున్నే మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు.

వారానికి రెండు మూడు రాత్రులు ఇదే వరస. అత్తయ్య మాట ఒకటే: "పగలంతా గంతులేశాడు కదమ్మా, పీకవూ మరి?" పిల్లల డాక్టరు గారు వాడి కాళ్ళు వంచి, చాపి, కీళ్ళు నొక్కి, గది ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించి చూసి, "ఎదుగుదల నొప్పులమ్మా, భయం లేదు" అన్నారు. ఒక్క నొప్పికి రెండు పేర్లు. అత్తయ్య ఆటని పట్టుకుంది, డాక్టరు గారు ఎదుగుదలని పట్టుకున్నారు. ఏది నిజమా అని చదవడం మొదలుపెడితే రెండు వందల ఏళ్ళ కథ బయటపడింది.

డాక్టరు గారు చెప్పిన పేరు ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1823లో మార్సెల్ డ్యూషాం అనే వైద్యుడు ఎదుగుదల వల్ల కలిగే జబ్బుల గురించి రాస్తూ, పిల్లల కాళ్ళ నొప్పుల్ని కూడా ఆ పద్దులో వేశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు, అది 1895లో గానీ రాలేదు. ఎముక లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేనప్పుడు, పిల్లలు పెరుగుతున్నారు, పిల్లలకే నొప్పి వస్తోంది కాబట్టి పెరగడమే నొప్పికి మూలమనుకోవడం సహజమే.

అయితే ఆ ఊహను పరీక్షించే సరంజామా అదే ఫ్రాన్సులో అంతకు ముందు నుంచే ఉంది. మోంబెయార్ అనే ఆయన తన కొడుకు పుట్టిన 1759 నుంచి 1777 దాకా, సుమారు ఆరు నెలలకోసారి పిల్లవాణ్ణి నిలబెట్టి ఎత్తు కొలిచి రాసుకుంటూ వచ్చాడు. ఆయన స్నేహితుడు, ప్రకృతి శాస్త్రవేత్త బ్యుఫోన్ ఆ లెక్కల్ని తన గ్రంథంలో అచ్చు వేశాడు. ఒకే బిడ్డ ఎదుగుదలను పుట్టుక నుంచి యవ్వనం దాకా వరసగా కొలిచిన తొలి దాఖలా అదే. గోడ మీద పెన్సిల్ గీతలు గీసి పిల్లల ఎత్తు చూసుకునే మన ఇళ్ళల్లోవాళ్ళకి ఆ తండ్రి దగ్గరివాడిలా అనిపిస్తాడు. ఆ కొలతలు చెప్పింది ఏమిటంటే, పిల్లలు ఒకే వేగంతో పెరగరు.

నేటి లెక్కలూ ఆ మాటే అంటాయి. పుట్టిన మొదటి ఏడాదిలో బిడ్డ సుమారు 25 సెంటీమీటర్లు సాగుతుంది. రెండో ఏడు అందులో సగం. నాలుగైదేళ్ళు వచ్చాక ఏడాదికి 5, 6 సెంటీమీటర్లకు నెమ్మదిస్తుంది. ఈడొచ్చే వేళకి మళ్ళీ ఎగబాకి 8 నుంచి 10 దాకా పోతుంది. కాళ్ళు పీకేదేమో మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా, అంటే ఎక్కువ భాగం ఒళ్ళు నిదానంగా పెరిగే కాలంలో. ఎదగడమే నొప్పి అయితే ఉయ్యాల్లో ఉన్న పసిబిడ్డ రాత్రంతా ఏడవాలి. పైగా కాళ్ళ పొడవు ఎక్కువగా పెరిగేది మోకాలి దగ్గరి ఎముక చివర్లలో. పిల్లలు చెయ్యి పెట్టి చూపించేది తొడ కండని, పిక్కని, మోకాలి వెనక గుంటని.

పంతొమ్మిదో శతాబ్దం గడిచే కొద్దీ ఈ కథలోకి భయం వచ్చి చేరింది. గొంతునొప్పితో మొదలై, కీళ్ళకు పాకి, చివరకు గుండె కవాటాల్ని పాడుచేసే రుమాటిక్ జ్వరం అప్పట్లో యూరప్ పిల్లల్ని పీడిస్తోంది. పిల్లవాడు కాళ్ళు నొప్పులంటే 'ఎదుగుతున్నాడులే' అని ఊరుకుంటే, ఆ మాట మాటున గుండె జబ్బు ఎదిగిపోవచ్చు. కాబట్టి చాలామంది వైద్యులు ఆ పేరునే అనుమానించారు. ఎదుగుదల నొప్పులంటూ విడిగా ఏవీ లేవనీ, అవి రుమాటిజం తొలి రూపమేననీ అన్నారు. రుమాటిక్ జ్వరానికి అప్పటి వైద్యం వారాలు, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి. పేరు అటు పడితే ఆడుకునే పిల్లవాడు మంచాన పడాలి, ఇటు పడితే జబ్బు పిల్లవాడు గుండెతో మూల్యం చెల్లించాలి. ఒక్క పేరు మీద ఇంత బరువు పడిన సందర్భాలు వైద్యంలో తక్కువేమో.

ఆ ముడి విప్పే పని 1930లలో ఇంగ్లండులో జె.సి. హాక్స్‌లీ మొదలుపెట్టాడు. రుమాటిక్ నొప్పి కీలులో ఉంటుంది. కీలు వాస్తుంది, వేడెక్కుతుంది, ఒక కీలు నుంచి ఇంకో కీలుకి మారుతుంది, జ్వరం తోడవుతుంది. రాత్రి కాళ్ళు పీకే పిల్లవాడికి కీళ్ళు మామూలుగానే ఉంటాయి, తెల్లారేసరికి నొప్పి జాడ ఉండదు. మన దేశంలో రుమాటిక్ గుండె జబ్బు ఇంకా పోలేదు, అందుకే ఈ తేడా మన తల్లులు కూడా తెలుసుకుని ఉండాలి.

1951లో నైష్, జాన్ ఆప్లీ అనే ఇద్దరు వైద్యులు ఇంకో మంచి పని చేశారు. కారణం ఏమిటన్న వాదన పక్కన పెట్టి, దేన్ని ఈ పేరుతో పిలవాలో ముందు తేల్చారు. కనీసం మూడు నెలలుగా ఉండాలి. మధ్యమధ్య నొప్పి లేని రోజులు ఉండాలి. కీళ్ళలో కాకూడదు. నిద్ర చెడగొట్టేంత తీవ్రంగా ఉండాలి. ఆప్లీ పిల్లల కడుపునొప్పి మీద కూడా పేరు పొందిన పరిశోధకుడు. ఒంట్లో ఏ లోపమూ కనిపించని పిల్లవాడి నొప్పి కూడా నిజమైన నొప్పేనని నమ్మి, దాన్ని కూర్చుని విన్న మనిషి. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైనవాడు ఆయనే.

వాళ్ళ కొలబద్దతో చూస్తే బడిపిల్లల్లో 4.2 శాతం మందికి ఈ నొప్పి ఉందని తేలింది. 1972లో డెన్మార్క్‌లో ఓస్టర్, నీల్సన్ చూసిన పిల్లల్లో 15.5 శాతం. 2004లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఏంజెలా ఇవాన్స్, షీలా స్కటర్ నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్ని లెక్కేస్తే 36.9 శాతం. పిల్లల వయసులూ వేరు, ఎవరి కొలబద్ద వాళ్ళది, అందుకే అంకెలకి పొంతన లేదు. 2022లో ఈ విషయం మీద వచ్చిన 145 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన పరిశోధకులు, అందులో 93 శాతం నిర్వచనాల్లో ఎదుగుదల ప్రస్తావనే లేదని తేల్చారు. పేరులో ఉన్నది నిర్వచనంలో లేదు!

ఎదుగుదలకు అసలు పాత్రే లేదని కొట్టిపారేయడానికీ వీల్లేదు. 2004లోనే అమెరికాలో గొర్రెపిల్లల కాలి ఎముకల్లో చిన్న పరికరాలు అమర్చి చూస్తే, ఎముక సాగడంలో 90 శాతం అవి పడుకుని ఉన్నప్పుడే జరిగింది. రాత్రిపూటే నొప్పి ఎందుకన్నదానికి అది ఒక ఆధారం కావచ్చు. ఇంకో వైపు ఇజ్రాయెల్‌లో ఉజియెల్, హష్కెస్ బృందం, ఈ పిల్లలు నొప్పిని మిగతా పిల్లలకంటే తొందరగా గుర్తిస్తారనీ, వాళ్ళ కాలి ఎముక బలం కాస్త తక్కువనీ చూపింది. అంటే మామూలు ఆటకే ఆ కాళ్ళు అలిసిపోతున్నాయేమో. 1988లో కెనడాలో బాక్స్టర్, డల్బర్గ్ తల్లిదండ్రులకు పిల్లల తొడ, పిక్క కండరాల్ని సాగదీయడం నేర్పి పొద్దునా రాత్రీ చేయించారు. ఏడాదిన్నర పాటు గమనిస్తే, ఆ పిల్లలకి నొప్పి తొందరగా తగ్గింది.

ఇదంతా చదివాక అత్తయ్య పక్కన కూర్చుని, "మీరన్నదే దగ్గరగా ఉందత్తయ్యా" అన్నాను. ఆవిడకి ఆశ్చర్యం వెయ్యలేదు. 'కాళ్ళు పీకుతున్నాయి' అన్న మన మాటలో నొప్పి ఎలా ఉందో ఉంది గానీ, ఎందుకు వచ్చిందన్న తీర్పు లేదు. ఆ మాట విన్నవాళ్ళు కాళ్ళ దగ్గరికి వస్తారు, చెయ్యి వేసి చూస్తారు. ఒక్క కాలే నొప్పి పెట్టినా, కీలు వాచినా, పొద్దున కుంటినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా ఆ చెయ్యే ముందు పసిగడుతుంది. అరుదుగానైనా రక్త కేన్సర్ లాంటివి కూడా ఇలాంటి కాళ్ళ నొప్పితోనే మొదలవుతాయి. డాక్టరు గారు కూడా అవన్నీ చూశాకే ఆ పేరు పలికారు.

ఆ రోజుల్లోనే 'ఎదుగుదల నొప్పులు' అన్న మాట ఇంకో చోట వినపడింది. మా పిన్ని కూతురు కాకినాడలో కర్రీ పాయింట్ నడుపుతుంది. మొదటి కొట్టు నాలుగేళ్ళు నిండా సాగింది. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు ఖాళీ. ఊరి అవతల రెండోది తెరిచాక మూడు నెలల్లో ఫిర్యాదులు మొదలయ్యాయి. ఓ రోజు పప్పు ఉప్పు కషాయం, ఓ రోజు చప్పన. కూరలు ఒంటిగంటకి గానీ రావు. పాత వంటమనిషి అలిగి మానేశాడు. చుట్టాలందరూ ఒకే మాట అన్నారు: "పెరిగేటప్పుడు నొప్పులుంటాయమ్మా, ఓర్చుకో." అది ఓర్చుకుంటూనే ఆరు నెలలు నష్టపోయింది.

1972లోనే లారీ గ్రైనర్ అనే అమెరికా ఆచార్యుడు సంస్థల ఎదుగుదల మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పింది: సంస్థ ఒక దశలో దేనివల్ల నిలదొక్కుకుందో, అదే తర్వాతి దశలో దాన్ని ఇబ్బంది పెడుతుంది. మొదలుపెట్టిన మనిషి చేతిలోని నేర్పు మీద సంస్థ లేస్తుంది, పెద్దదయ్యాక ఆ ఒక్క మనిషి చెయ్యి అందరికీ అందదు. అంటే నొప్పి పుట్టేది పరిమాణం వల్ల కాదు, పాత పద్ధతిని కొత్త ఒంటి మీద మోయించడం వల్ల. కర్రీ పాయింట్ లాంటి చిన్న కొట్టుకి కూడా ఇది ఇంత సూటిగా తగులుతుందని నేననుకోలేదు.

చెల్లి దగ్గరికి వెళ్ళి ఒక రోజంతా మొదటి కొట్లో కూర్చున్నాను. అది పప్పులో ఉప్పు అరచేత్తో వేస్తుంది. ఎంత అంటే, "చేతికి తెలుస్తుందక్కా" అంది. రెండో కొట్లో వంట చేసేది వేరే చెయ్యి. అక్కడ ఉన్నది ఎదుగుదల నొప్పి కాదు, కొలత లేకపోవడం. ఆ రాత్రి వంటింటి తూకం ముందు కూర్చుని, అది చేత్తో తీసిన ఉప్పూ కారమూ పసుపూ గిన్నెలో వేసి తూచి, గ్రాముల్లో నోటుపుస్తకంలోకి ఎక్కించాం. ఒక్కో కూరకి మూడేసి సార్లు తూచాం, ఎందుకంటే దాని చెయ్యి కూడా రోజుకో రకంగా వేస్తోంది. ఆ సంగతి తెలిసి చెల్లి కాసేపు మాట్లాడలేదు. మానేసిన వంటమనిషి ఇంటికి మర్నాడు తనే వెళ్ళింది. ఆయన అలకకి కారణం జీతం కాదు, కొట్టు తాళాలు తన చేతికి ఇవ్వకపోవడం. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి చెల్లి వచ్చేదాకా మెట్ల మీద కూర్చునేవాడట. కూరలు ఆలస్యం అయ్యింది అందుకే.

మొన్న ఫోన్ చేసింది. "అక్కా, మూడో కొట్టుకి చోటు చూపిస్తున్నారు. ముందు నాకో పని చేసిపెట్టు. నేను ఊళ్ళో లేని రోజు, నువ్వు ఎవరో చెప్పకుండా రెండో కొట్లో పప్పు కొనుక్కుని తిని చూడు."

ఆదివారం బాబుని వెంటబెట్టుకుని వెళ్ళాను. పన్నెండింటికి ప్యాకెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఇంటికి తెచ్చి అత్తయ్యకి కూడా వడ్డించాను. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మీ చెల్లే చేసిందా?" అంది.