చిట్టెపు గుట్టలూ విశ్వవిద్యాలయమూ

ప్రకృతి పునరుద్ధరణ అనే మాట ఈనాడు ప్రభుత్వ ప్రకటనలలోనూ, పెద్ద కంపెనీల వార్షిక నివేదికలలోనూ సమానంగా వినబడుతున్నది. విశ్వవిద్యాలయం పరిశోధిస్తుంది, ప్రభుత్వం అనుమతిస్తుంది, కంపెనీ ఖర్చు పెడుతుంది, నేల తిరిగి పచ్చబడుతుంది. ఇదీ మనకు చూపే చిత్రం. ఈ చిత్రం పూర్తిగా అబద్ధమని నేననను. కాని చరిత్రను పక్కకు నెట్టి దీనిని చూస్తే మూడు ప్రశ్నలు మరుగున పడిపోతాయి. నేలను చంపినదెవరు? బతికించే ఖర్చు మోసినదెవరు? బతికిన నేలను అనుభవించేదెవరు?

బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చిన నా విద్యార్థి ఒకడు, తమ ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల మీద నాటిన మొక్కలను గురించి వ్యాసం రాస్తూ, "ఇది అడవేనా సార్?" అని అడిగాడు. అతనికి జవాబు వెతుకుతూ నేను వేల్స్‌లోని స్వాన్సీ లోయ చరిత్ర చదివాను.

1717లో స్వాన్సీ దగ్గర లాండోర్‌లో రాగి కరిగించే కర్మాగారం వెలిసింది. ఆ రోజుల్లో రాగి తీయడానికి ఖనిజంకంటే బొగ్గే ఎక్కువ ఖర్చయ్యేది. అందువల్ల బొగ్గున్న చోటికే ఖనిజాన్ని ఓడలలో తెచ్చేవారు. మొదట కార్న్‌వాల్ నుంచీ, తరువాత క్యూబా, చిలీల నుంచీ వచ్చింది. 1830ల నాటికి క్యూబాలోని ఎల్ కోబ్రె గనులలో బ్రిటిష్ పెట్టుబడి కింద బానిసలు ఖనిజం తవ్వుతున్నారు. వాళ్ళ చెమట స్వాన్సీలో రాగిరేకులై, ఓడల అడుగుభాగానికి తాపడమై లోకమంతా తిరిగింది. పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాలలో బ్రిటన్ రాగిలో అత్యధిక భాగం ఈ ప్రాంతంలోనే కరిగింది.

రాగితో పాటు పొగ కూడా పుట్టింది. గంధకమూ పాషాణమూ నిండిన ఆ పొగకు కిల్వే కొండ మీద చెట్టూ చేమా మాడిపోయాయి. పట్టు తప్పిన మట్టి వానకు కొట్టుకుపోయింది. 1820లలో హాఫడ్ కర్మాగారం యజమాని వివియన్, పొగ తగ్గించే ప్రయత్నాలకు మైకేల్ ఫారడేవంటి శాస్త్రజ్ఞుని సాయం తీసుకున్నాడు. అంటే విజ్ఞానశాస్త్రం ఆ లోయలో మొదట అడుగుపెట్టినది యజమాని అతిథిగానే! పొగ ఆగలేదు. 1830లలో రైతులు కోర్టుకెక్కి ఓడిపోయారు. కొలిమి ఆగితే ఊరికి కూడు లేదన్నది యజమానుల వాదం. ఈ వాదన మనకు కొత్తదా?

తరువాత లాభం వేరే దేశాలకు తరలింది. కర్మాగారాలు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. లాభం వెళ్ళిపోయింది, చిట్టెం మిగిలిపోయింది. సుమారు 1200 ఎకరాల లోయలో అధికభాగం శిథిలాలూ, సీసం, జింకు, రాగి విషాలు నిండిన గుట్టలూ అయింది.

1961లో స్వాన్సీ యూనివర్సిటీ కాలేజి ఈ లోయను పరిశోధనకు చేపట్టింది. సామాజికశాస్త్ర అధ్యాపకుడు రాబిన్ హ్యూస్ జోన్స్ దీనికి ముఖ్య ప్రేరకుడు. నఫీల్డ్ ఫౌండేషన్, ప్రభుత్వం, పురపాలక సంఘం, స్థానిక పరిశ్రమలు డబ్బు సమకూర్చాయి. వృక్షశాస్త్రజ్ఞులూ, భూగర్భశాస్త్రజ్ఞులూ, ఇంజనీర్లూ, ఆర్థికవేత్తలూ ఒకే నేలను కలిసి చదివారు. బడిపిల్లలు మొక్కలు నాటారు. 1967లో నివేదిక వెలువడింది.

అసలు చిక్కు గడ్డి దగ్గర వచ్చింది. మామూలు విత్తనం ఆ విషంలో మొలిచి చచ్చేది. అయితే వేల్స్‌లోని పాత గనుల గుట్టల మీద ఒక జాతి గడ్డి బతుకుతున్నదని ఏ.డి. బ్రాడ్‌షా 1952లోనే వెల్లడించాడు. వేల మొక్కలలో ఏ కొన్నో విషాన్ని ఓర్చుకుంటాయి. మిగిలినవి చస్తాయి. ఓర్చుకున్నవాటి సంతానమే ఆ గుట్టను కప్పుతుంది. స్వాన్సీలో ఇటువంటి గడ్డితోనూ, మురుగు మడ్డితోనూ ప్రయోగాలు చేశారు. ఇది గొప్ప విజయం. కాని ఒక విషయం మరువరాదు. గడ్డి విషాన్ని తినివేయదు, విషంలో బతకడం నేర్చుకుంటుంది. పైన పచ్చదనం పరుచుకున్నా, కింద చరిత్ర అలాగే వుంటుంది.

నివేదిక వచ్చినంత మాత్రాన గుట్టలు కదలవు. వాటిని కదిలించిన పెద్ద కారణం ఒక విషాదం. 1966 అక్టోబరు 21న అదే సౌత్ వేల్స్‌లో అబెర్‌ఫాన్ అనే ఊరి బడి మీద బొగ్గుగని చెత్తగుట్ట విరుచుకుపడి 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. మిగిలిన గుట్టలను తొలగించే ఖర్చు కోసం, బాధితులకై ప్రజలు ఇచ్చిన విరాళాల నిధి నుంచి 1968లో 1,50,000 పౌండ్లు తీసుకున్నారు. అప్పుడు అధికారంలో వున్నది లేబర్ ప్రభుత్వం. ఆ గుట్ట ఏ పెట్టుబడిదారునిదో కాదు, 1947లో జాతీయం చేసిన కోల్ బోర్డుది. ఆ సొమ్ము తిరిగి ఇచ్చినది 1997లో.

మనం ఈ చేదు మింగక తప్పదు. యాజమాన్యం ప్రజలదైతే చాలు, నేలకూ మనిషికీ న్యాయం దానంతటదే జరుగుతుందని నమ్మినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అబెర్‌ఫాన్ ఆ నమ్మకాన్ని ప్రశ్నించింది. గుట్ట పక్కన బతికేవాని మాటకు విలువ లేనిచోట, బోర్డు పేరు మారినంతలో గుట్ట స్వభావం మారదు.

ఇక మూడో ప్రశ్న. ప్రజాధనంతో శుభ్రపడిన స్వాన్సీ లోయలో 1981లో, థాచర్ ప్రభుత్వ కాలంలో, వ్యాపారులకు పన్ను రాయితీలిచ్చే ఎంటర్‌ప్రైజ్ జోన్ వెలిసింది. తరువాత పెద్ద దుకాణాలు వచ్చాయి. చెట్లూ పెరిగాయి, నిజమే. కాని చిట్టెం మీద లాభం పొందినవారు శుభ్రపరిచే ఖర్చు పూర్తిగా భరించలేదు. శుభ్రపడిన నేల మీద మళ్ళీ లాభానికే పెద్దపీట పడింది.

అందుచేత విశ్వవిద్యాలయం చేతులు ముడుచుకొని కూర్చోవాలా? కాదు. స్వాన్సీ శాస్త్రజ్ఞులు లేకపోతే ఆ గుట్టల మీద గడ్డిపోచ కూడా మొలిచేది కాదేమో. ప్రభుత్వంతో, పరిశ్రమతో కలిసి పనిచేయడం తప్పు కాదు. ఎవరి ప్రశ్నతో పరిశోధన మొదలవుతుందన్నదే ముఖ్యం. "ఏ గడ్డి మొలుస్తుంది?" అనే ప్రశ్న ఎంత శాస్త్రీయమో, "ఈ విషం ఎవరిది?" అన్నదీ అంతే శాస్త్రీయం.

నా విద్యార్థితో ఇదే చెప్పాను. మొక్కలు లెక్కపెట్టు, జాతులు రాసుకో, మట్టి పరీక్ష చేయించు. ఆ తరువాత ఆ గుట్ట కింద ఏ ఊరు వుండేదో, ఆ ఊరివాళ్ళు ఇప్పుడెక్కడ వున్నారో కూడా రాయి. అప్పుడే నీ వ్యాసం పూర్తవుతుంది.