ఇంట ఓడిన సెనేటర్

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న సామెత విన్నప్పుడల్లా నాకు ఇండియానా సెనేటర్ రిచర్డ్ లూగర్ గుర్తుకు వస్తారు. సోవియట్ అణ్వాయుధాల నిర్మూలనకు 1991లో డెమొక్రాట్ శామ్ నన్‌తో కలిసి చట్టం తెచ్చిన రిపబ్లికన్ ఆయన. ప్రతిపక్షంతో అలా కలిసి నడవడమే చివరకు సొంత పార్టీలో నేరమైంది.

పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి ఎన్నిక ప్రైమరీ. దానికి వచ్చేది కొద్దిమందే. వారిలో పట్టుదల గలవారిదే పైచేయి. 2012 మే నెలలో, 36 ఏళ్ల పదవీకాలం నిండుతుండగా, టీ పార్టీ అండతో నిలిచిన రిచర్డ్ మర్డాక్ 60 శాతానికి పైగా ఓట్లతో లూగర్‌ను ఓడించారు.

నవంబరులో తీర్పరులు మారారు. అత్యాచారం వలన కలిగే గర్భం గురించి నోరుజారిన మర్డాక్, డెమొక్రాట్ జో డానెలీ చేతిలో ఓడిపోయారు. పెద్దాయనను దించినవారు పీఠాన్నే పోగొట్టుకున్నారు. ఇంటి తీర్పు వేరు, రచ్చ తీర్పు వేరు.