జాంబీలకి డైలాగులుండవు

పోయిన శనివారం రాత్రి మా టీములో రిలీజు ఉండి మేలుకోవాల్సొచ్చింది. సర్వర్లు వాటి పని అవి చేసుకుంటుంటే మనం చేసేదేముంటుంది, కాఫీ తాగుతూ స్క్రీను చూడ్డమే. కాలక్షేపానికి ఏదో ఇంగ్లీషు సినిమా పెట్టుకున్నాను. పేరు గుర్తుపెట్టుకోవాల్సినంత సినిమా కాదు. ఒక పిచ్చాసుపత్రి, ఒక దుర్మార్గపు డాక్టరు, ఒక ఇంజెక్షను. అర్ధగంటలో రోగులంతా జాంబీలైపోతారు. మిగతా గంటసేపు హీరోగారు వాళ్ళ తలలు పగలగొడుతుంటాడు.

సినిమా చెత్తే, సందేహం లేదు. కానీ మూడింటప్పుడు ఒక అనుమానమొచ్చింది. తక్కువ డబ్బుతో దెయ్యాల సినిమా తీద్దామనుకున్నవాళ్ళు తిరిగి తిరిగి పిచ్చాసుపత్రికే ఎందుకెళ్తారు? దాని వెనకాలే, ఎప్పుడో మర్చిపోయాననుకున్న ఒకాయన గుర్తొచ్చాడు. ఆయన సంగతి తర్వాత చెప్తాను. ముందు మొదటి ప్రశ్న.

లెక్కల ప్రకారం చూస్తే సమాధానం తేలికే. ఆసుపత్రి అంటే ఒకే బిల్డింగు. పొడుగాటి వరండాలు, ఇనుప తలుపులు, బయట పెద్ద గేటు. యూనిట్టు మొత్తం ఒక్కచోటే ఉండి ఇరవై రోజుల్లో షూటింగ్ ముగించుకోవచ్చు. అందరికీ ఒకే రకం బట్టలు. జాంబీ వేషానికి నటన రానక్కర్లేదు, కాస్త రంగు పులుముకుని కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే చాలు. అన్నిటికన్నా పెద్ద ఆదా ఏమిటంటే జాంబీలకి డైలాగులుండవు. రాసేవాడు అక్కర్లేదు, డబ్బింగు అక్కర్లేదు.

ఆ డైలాగుల్లేకపోవడం ఒక్క ఖర్చుకి సంబంధించిన విషయమేనా అన్నదే నా సందేహం. దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

జాంబీ పుట్టిల్లు హాలీవుడ్ కాదు, కరీబియన్ సముద్రంలోని హైతీ. అక్కడి చెరకు తోటల్లో పనిచేయించడానికి ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచి లక్షల మందిని బానిసలుగా తెచ్చారు. ఆ బతుకుకి చావొక్కటే విడుదల. మరి చచ్చాక కూడా ఎవడో మంత్రగాడు లేపి మళ్ళీ పనిలో పెడితే? ఆ భయం పేరే జాంబీ. అంటే మొదట్లో జాంబీ మనల్ని కరిచేవాడు కాదు. చచ్చినా సెలవు దొరకని కూలీవాడు. (మా ఫీల్డువాళ్ళకి ఈ వర్ణన ఎక్కడో తగిలితే నా పూచీ లేదు.)

1804లో హైతీ స్వతంత్రమైంది. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం అక్కడ తిష్ఠ వేసింది. ఆ రోజుల్లో విలియం సీబ్రూక్ అనే అమెరికన్ అక్కడికెళ్ళొచ్చి 1929లో ఒక పుస్తకం రాశాడు. జాంబీ అన్న మాట అమెరికాలో ఇంటింటికీ తెలిసింది దాంతోనే. 1932లో 'వైట్ జాంబీ' అనే సినిమా వచ్చింది. అందులో జాంబీలు ఎవర్నీ తినరు, చక్కెర మిల్లులో గానుగ తిప్పుతుంటారు. చూస్తే జాలేస్తుంది.

దీన్ని తలకిందులు చేసినవాడు జార్జ్ రొమేరో. 1968లో పిట్స్‌బర్గ్ దగ్గర లక్షా పద్నాలుగు వేల డాలర్ల దాకా ఖర్చుపెట్టి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. సినిమా పేరు మార్చేటప్పుడు కాపీరైటు ప్రకటన వెయ్యడం మర్చిపోయారు, దాంతో అది అమెరికాలో అందరి సొత్తూ అయిపోయింది. మనం లైసెన్సు ఫైలు పెట్టకుండా కోడ్ వదిలేసినట్టన్నమాట. అప్పట్నుంచీ జాంబీ అంటే మనుషుల్ని పీక్కుతినేది, తలలో కాలిస్తేనే చచ్చేది. అయితే ఆ సినిమా ముగింపు చాలామంది మర్చిపోతారు. రాత్రంతా ప్రాణాలు కాపాడుకున్న నల్లజాతి హీరో తెల్లారి కిటికీ దగ్గరికొస్తాడు. జాంబీలని వేటాడుతూ వచ్చిన గుంపు అతన్ని కూడా జాంబీ అనుకుని కాల్చేస్తుంది. "నేను మనిషినే" అని చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వరు.

ఇక పిచ్చాసుపత్రి సంగతి. లండన్‌లో బెత్లెం అనే ఆసుపత్రి ఉంది, దాని మూలాలు 1247 నాటివి. ఇంగ్లీషులో గందరగోళానికి వాడే 'బెడ్లం' అన్న మాట దాని పేరులోంచి పుట్టిందే. పద్దెనిమిదో శతాబ్దంలో సెలవురోజుల్లో జనం అక్కడికి రోగుల్ని చూట్టానికి వెళ్ళేవాళ్ళు, మనం జూకి వెళ్ళినట్టు. నా లెక్కలో హారర్ సినిమాకి మొదటి హాలు అదే. తర్వాత కెమెరా వచ్చింది, అంతే. 1920లో జర్మనీలో వచ్చిన 'కేబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి'లో కథంతా నమ్మించి, చివర్లో చెబుతున్నవాడే ఆసుపత్రిలో రోగి అని తేలుస్తారు. అంటే రోగి మాట నమ్మక్కర్లేదని. 1946లో ఆ లండన్ ఆసుపత్రి మీదే 'బెడ్లం' అన్న పేరుతో ఒక సినిమా వచ్చింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. జాంబీ మాట్లాడలేడు. పిచ్చివాడు మాట్లాడినా ఎవరూ వినరు. చూసేవాడికి తేడా ఏముంది? అందుకే ఆ ఆసుపత్రి అంత చవగ్గా దొరుకుతుంది. 'వీళ్ళు మనుషులు కారు' అన్న మాట ప్రేక్షకుడికి కొత్తగా నేర్పించక్కర్లేదు, ముందే వచ్చేసి ఉంటుంది.

ఇదంతా దొరల గొడవ, మనకెందుకంటారా? మన భాషలో ఊళ్ళపేర్లే తిట్లైపోయాయి కదండీ. హైదరాబాదులో "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అంటారు. కోస్తాలో అయితే వాల్తేరు. ఎర్రగడ్డలోనూ చినవాల్తేరులోనూ లక్షలమంది మామూలుగా బతుకుతున్నారు. అయినా సినిమాల్లో ఆ పేరు వినపడగానే హాల్లో నవ్వులు.

చట్టంగా చూస్తే, తెల్లదొరలు 1858లో పిచ్చాసుపత్రుల చట్టం తెచ్చారు, 1912లో ఇంకోటి. రోగిని చేర్చే దారి ఎక్కువగా మేజిస్ట్రేటుగారి ఉత్తర్వు మీదుగానే ఉండేది. జబ్బు చేసినవాడికీ నేరం చేసినవాడికీ గుమ్మం ఒకటే అన్నమాట. మద్రాసు ప్రెసిడెన్సీలో 1870ల తొలినాళ్ళకి ఇలాంటివి మద్రాసు, కాలికట్, విశాఖపట్నాల్లో ఉండేవి. నిజాం వైపు ఆసుపత్రి జాల్నాలో ఉండి, 1953లో ఎర్రగడ్డకి వచ్చింది.

మాది మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య ఒక పల్లె. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత అదే ప్రకాశం అయింది) ఏర్పడేదాకా మేం కర్నూలు జిల్లావాళ్ళం. మాటా యాసా సగం అటువైపువే. ఇప్పుడు మా ఊళ్ళో ఒకరికి మనసు చెదిరిందనుకోండి. విశాఖ అయిదొందల కిలోమీటర్ల పైమాట. మీటరు గేజి రైల్లో నల్లమల పక్కనుంచి గుంటూరు దాకా పోయి, అక్కడ ఇంకో బండెక్కాలి. కేకలేస్తున్న మనిషిని పట్టుకుని ఆ ప్రయాణం చెయ్యడం ఎవరి తరం? కాబట్టి చుట్టుపక్కల జనానికి తెలిసిన దారులు వేరే ఉండేవి. ఆంజనేయస్వామి గుళ్ళో నిద్ర చేయించడం, నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకి తీసుకెళ్ళడం, తాయెత్తు కట్టించడం. ఇవేవీ కుదరకపోతే గొలుసు. వాళ్ళని ఇప్పుడు కూర్చుని తప్పుపట్టడం నాకు చేతకాదు. పొద్దున్నే కూలికి పోవాల్సిన ఇంట్లో మనిషి కనపడకుండా అడవిలోకి పోతే ఎవరు వెతుకుతారు?

ఇందాక చెప్తానన్నది ఇదే. 1990ల మొదట్లో మా వీధి చివర పశువుల కొట్టంలో ఒకాయన్ని అలా కట్టేసి ఉంచేవాళ్ళు. అంతకుముందు పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. మాకది తెలీదు, మాకు తెలిసింది గొలుసు చప్పుడే. ఆ ఏడు తిరణాలకి టీవీ, డెక్కు అద్దెకి తెచ్చి రాత్రంతా క్యాసెట్లు వేశారు. అందులో ఒకటి ఇంగ్లీషు దెయ్యాల సినిమా. తెల్లగౌన్లు వేసుకున్న జనం చేతులు చాపుకుని నడుస్తుంటారు. మర్నాడు మేం అయిదారుగురం పిల్లలం చేతులు చాపుకుని కొట్టం ముందు నడిచాం. ఒకడు గులకరాయి విసిరాడు. ఇంకొన్ని మేమూ విసిరాం. అప్పుడాయన తలెత్తి, మెల్లిగా అన్నాడు. "అబ్బయ్యా, కాసిని నీళ్ళియ్యండిరా."

మేం కెవ్వుమని పరిగెత్తాం. "మాట్లాడిందిరోయ్" అని అరుచుకుంటూ. గమనించారా, మాట్లాడాడు అనలేదు.

మా అవ్వ విని నా చెవి మెలేసింది. "మడిసి నీళ్ళడిగితే పరిగెత్తొస్తావా ముండనాకొడకా" అని చెంబు చేతికిచ్చి పంపింది. నేను సందు మలుపు దాకా పోయి, నీళ్ళు పారబోసి, ఖాళీ చెంబుతో తిరిగొచ్చాను. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మరి మన సినిమావాళ్ళు ఏం చేశారు? నిజం చెప్పాలంటే మొదలు బాగానే పెట్టారు. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో 'చివరకు మిగిలేది' వచ్చింది. బెంగాలీలో అంతకుముందు ఏడాది వచ్చిన 'దీప్ జ్వేలే జాయ్'కి తెలుగు రూపం. సావిత్రి మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సు. వైద్యంలో భాగంగా రోగి మీద ప్రేమ నటించాలి, నటించి నటించి చివరికి తనే రోగి అవుతుంది. అందులో రోగులు మాట్లాడతారు, ఏడుస్తారు. ఆరోగ్యవంతులకీ రోగులకీ మధ్య గోడ ఎంత పల్చనిదో చూపించిన సినిమా అది. ఆ గోడని మనవాళ్ళు తర్వాత కామెడీ ట్రాకుల్తో బాగా మందంగా కట్టేశారు.

జాంబీ మన దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చింది. 2016లో తమిళ 'మిరుతన్' తెలుగులోకి 'యమపాశం'గా వచ్చింది. నేరుగా తెలుగులో అంటే 2021 ఫిబ్రవరిలో వచ్చిన 'జాంబీ రెడ్డి'. కరోనా మందు వికటించి కర్నూలు వైపు పల్లెలో జాంబీలు పుడతారు, పక్కన ఫ్యాక్షను గొడవ. పాత కర్నూలు జిల్లావాణ్ణి కాబట్టి నేను కాస్త సొంతంగానే చూశాను. నన్ను ఆశ్చర్యపరిచింది ముగింపు. రొమేరో జాంబీకి తలలో తూటా తప్ప ఇంకో దారి లేదు. మన జాంబీలకి మాత్రం గుడి దగ్గర విరుగుడు దొరుకుతుంది. లాజిక్ లేదని నవ్వినవాళ్ళున్నారు. నాకైతే మా ఊరి ఆంజనేయస్వామి గుడి గుర్తొచ్చింది. మందు సంగతెలా ఉన్నా, 'వీడు మళ్ళీ మనవాడవుతాడు' అన్న ఆశ మాత్రం మనది. ఆ దర్శకుడు ప్రశాంత్ వర్మే 2018లో 'అ!' తీశాడు. అందులో పాత్రలన్నీ ఒకే అమ్మాయి దెబ్బతిన్న మనసులోని మనుషులు. ఒక రోగికి ఇంతమంది చేత డైలాగులు చెప్పించిన తెలుగు సినిమా నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఎందుకింత గొడవ, సినిమానే కదా అనొచ్చు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకి నిప్పంటుకుంది. మానసిక రోగుల్ని ఉంచే చోటది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. వాళ్ళు కేకలు వేసే ఉంటారు కదా. వాళ్ళ కేకలు రోజూ వినపడేవేనని పక్కవాళ్ళు ఊరుకుని ఉంటే? నాకు ఈ ఊహే ఏ జాంబీ సినిమాకన్నా భయంగా ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఏ రూపంలోనైనా సరే గొలుసులు వెయ్యకూడదని స్పష్టంగా రాసింది. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు పెట్టకూడదనీ రాసింది. సినిమాల్లో మాత్రం ఆ షాకు సీను ఇంకా నడుస్తూనే ఉంది, చవకగా వస్తుంది మరి.

మా కొట్టంలో ఆయన కథ అక్కడితో అయిపోలేదు. ఎవరో బావమరిది పంతం పట్టి వైజాగు తీసుకెళ్ళాడు. నెలల తర్వాత గొలుసు లేకుండా తిరిగొచ్చాడు. మాత్రలు మింగుతూ, బస్టాండు దగ్గర బంకు పెట్టుకున్నాడు. నేను ఇంజనీరింగులో చేరాక ఒకసారి బస్సు కోసం నిలబడితే పిలిచి సోడా కొట్టిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఆ పిల్లకాయల్లో నువ్వూ ఉండావు గదబ్బయ్యా" అన్నాడు, నవ్వుతూనే. నాకు సోడా గొంతు దిగలేదు. నీళ్ళడిగిన మనిషికి నేను ఇవ్వనిది, నేను అడక్కుండానే ఆయన నాకిచ్చాడు. సారీ చెప్పేలోపు బస్సొచ్చింది. ఎక్కేశాను. తర్వాతెప్పుడో ఊరెళ్ళేసరికి ఆ బంకులో వేరేవాళ్ళున్నారు.

కాబట్టి తక్కువ బడ్జెట్టులో సినిమా తీసే తమ్ముళ్ళకి ఒక్క మనవి. హారర్ తీయండి, భయపెట్టండి, మీ ఇష్టం. పిచ్చాసుపత్రిలోనే తియ్యాలనుకుంటే, ఆ తెల్లబట్టల గుంపులో ఒక్కడికైనా ఒక్క డైలాగు రాయండి. నీళ్ళు కావాలనో, ఇంటికి ఉత్తరం రాయమనో. దానికి గ్రాఫిక్సు అక్కర్లేదు, సెట్టు అక్కర్లేదు. బడ్జెట్టులో పైసా పెరగదు.