నొప్పి నాడికి వేడి సూది: రేడియో పౌనఃపున్య చికిత్స చరిత్ర

1. ప్రస్తావన

వైద్య చరిత్ర అనగానే మనకు టీకాలు, మత్తుమందు, యాంటీబయాటిక్‌ల వంటి పెద్ద విజయాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మీరు చదవబోయే చికిత్స అటువంటిది కాదు. దీన్ని పూర్తి విజయమనీ అనలేం, పూర్తి వైఫల్యమనీ అనలేం. నెలల తరబడి వదలని నొప్పిని మోసుకుపోయే నాడి పక్కకు ఒక సన్నని సూదిని చేర్చి, దాని కొన దగ్గర వేడి పుట్టించి, ఆ నాడిని కొంతకాలం పనిచేయకుండా చేసే పద్ధతి ఇది. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లోని పెయిన్ క్లినిక్‌లలో నేడు ఇది అందుబాటులో ఉంది. నడుము నొప్పితో బాధపడే మీ ఇంటివారికి ఎవరికైనా దీని గురించి డాక్టరు చెప్పి ఉండవచ్చు.

నొప్పికి వేడి తగిలించడం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహిత అగ్నికర్మను వర్ణించింది. మన పల్లెల్లో నొప్పికి వాతలు పెట్టిన కాలం కూడా ఉంది. వాత చర్మం మీద పడుతుంది. మనం చదవబోయే చికిత్సలో వేడి లోపల, ఎంచుకున్న ఒక నాడి దగ్గర పుడుతుంది. ఒకదాని నుంచి మరొకటి పుట్టలేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. చికిత్స తరువాత నొప్పి తగ్గింది కాబట్టి, చికిత్స వల్లనే తగ్గిందని చెప్పవచ్చునా? ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ చికిత్స ఎదిగిన దశలను వివరించగలగాలి. అంతకంటే ముఖ్యంగా, ఈ ప్రశ్నను ఎలా విడదీసి పరిశీలించాలో చెప్పగలగాలి.

2. నొప్పికి ఒక దారి ఉందన్న ఊహ

ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్ 1650లో మరణించాడు. మానవ శరీరం గురించి ఆయన రాసిన గ్రంథం 1664లో ఫ్రెంచిలో వెలువడింది. అందులో కాలి దగ్గర నిప్పు ఉన్న ఒక మనిషి బొమ్మ ఉంది. తాడు ఒక చివర లాగితే రెండో చివర గంట మోగినట్లు, కాలికి తగిలిన వేడి నాడి గుండా మెదడుకు చేరుతుందని ఆయన ఊహించాడు. ఈ ఊహ నిజమైతే, తాడును మధ్యలో తెంచితే గంట మోగకూడదు. అంటే నాడిని కోస్తే నొప్పి ఆగాలి.

తరువాతి కాలపు శస్త్రవైద్యులు అనేకులు ఈ తర్కం మీదనే ఆధారపడ్డారు. 1912లో ఫిలడెల్ఫియాకు చెందిన విలియం స్పిల్లర్, ఎడ్వర్డ్ మార్టిన్ వెన్నుపాములో నొప్పి సంకేతాలు పోయే భాగాన్ని కోసే శస్త్రచికిత్సను ప్రకటించారు. ఫలితం కనిపించింది. కానీ అందుకోసం వెన్నెముకను తెరవాలి. నొప్పితో కృశించిన రోగికి అది పెద్ద గండం. శరీరాన్ని తెరవకుండా లోపలి నాడిని చేరడం ఎలా అన్నది అప్పటి సమస్య.

3. కండరాన్ని కదిలించని విద్యుత్తు

దీనికి మార్గం భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. మామూలు విద్యుత్తు శరీరంలోకి ప్రవేశిస్తే కండరాలు బిగుసుకుంటాయి, ప్రాణానికే ముప్పు. 1890ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో ఆర్సెన్ డార్సోన్‌వాల్ ఒక విషయం గమనించాడు. విద్యుత్ ప్రవాహం తన దిశను సెకనుకు 10,000 సార్ల కంటే బాగా ఎక్కువ వేగంతో మార్చుకుంటూ ఉంటే కండరాలు బిగుసుకోవు. వెచ్చదనం మాత్రమే తెలుస్తుంది. 1926లో బోస్టన్‌లో హార్వీ కుషింగ్, విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో ఇటువంటి ప్రవాహాన్ని మెదడు శస్త్రచికిత్సలో రక్తస్రావం ఆపడానికి ఉపయోగించాడు. 1930ల తొలినాళ్లలో జర్మన్ శస్త్రవైద్యుడు మార్టిన్ కిర్ష్నర్ ముఖానికి స్పర్శనిచ్చే త్రిధార నాడి ముడిలోకి సూదిని పంపి, విద్యుత్తుతో దాన్ని కాల్చాడు.

కిర్ష్నర్ పద్ధతిలో వేడి ఎంత పుడుతున్నదో, ఎంత మేర కాలుతున్నదో కచ్చితంగా అదుపు చేయడం కష్టంగా ఉండేది. ఈ లోటు 1950లలో తీరడం మొదలైంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులతో కలిసి బెర్నార్డ్ కాస్మన్, సాల్ అరనౌ నాడీ చికిత్స కోసమే రేడియో పౌనఃపున్య యంత్రాలను రూపొందించారు. తరువాత సూది కొనలోనే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు కూడా వచ్చింది.

ఈ యంత్రం పనిచేసే తీరును మీరు స్పష్టంగా గుర్తుంచుకోవాలి. సూదికి కొన తప్ప మిగతా భాగమంతా విద్యుత్ నిరోధక పూత ఉంటుంది. రోగి శరీరానికి వెడల్పాటి పలకను అంటిస్తారు. సెకనుకు సుమారు 5 లక్షల ఆవృత్తులు గల ప్రవాహం కొనకూ, పలకకూ మధ్య నడుస్తుంది. కొన చుట్టూ ఉన్న కణజాలంలోని అయాన్లు అటూ ఇటూ వేగంగా ఊగి, ఆ రాపిడికి కణజాలమే వేడెక్కుతుంది. అంటే సూది కణజాలాన్ని కాల్చదు. కణజాలం వేడే సూదికి తగులుతుంది. 45 డిగ్రీల సెల్సియస్ దాటితే నాడీ కణజాలానికి శాశ్వత నష్టం మొదలవుతుంది. సాధారణంగా 80 డిగ్రీల దగ్గర 60 నుంచి 90 సెకన్లు ఉంచుతారు.

4. ముఖం నొప్పి: ఫలితం నిజం, వివరణ సందేహం

త్రిధార నాడి నొప్పి వచ్చినవారు అది ముఖానికి ఒక పక్క కరెంటు కొట్టినట్లు ఉంటుందని చెబుతారు. అన్నం నమిలినా, ముఖం కడిగినా నొప్పి పొడుస్తుంది. 1974లో విలియం స్వీట్, జేమ్స్ వెప్సిక్ ఈ రోగులకు అదుపు చేసిన వేడితో చేసిన చికిత్స ఫలితాలను ప్రచురించారు. కొద్దిసేపు మత్తు ఇచ్చి వేడి పెట్టడం, రోగిని మేల్కొలిపి ముఖం మీద స్పర్శను పరీక్షించడం, అవసరమైతే మళ్లీ వేడి పెట్టడం వారి పద్ధతి. చాలామందికి గుణం కనిపించింది.

నొప్పిని మోసే సన్నని తంతువులు ముందుగా దెబ్బతింటాయనీ, స్పర్శను మోసే లావు తంతువులు మిగిలిపోతాయనీ వారు భావించారు. తరువాత కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించినవారికి అటువంటి విచక్షణ కనిపించలేదు. వేడికి సన్నవీ, లావువీ రెండు రకాలూ నశించాయి. ఇక్కడ మీరు ఒక తేడా గమనించాలి. రోగికి ఉపశమనం కలగడం ఒక వాస్తవం. అది ఎందుకు కలిగిందన్నది ఒక వివరణ. వివరణ తప్పయినంత మాత్రాన వాస్తవం చెరిగిపోదు. వాస్తవం నిలిచినంత మాత్రాన వివరణ రుజువు కాదు.

డెకార్ట్ తాడు ఊహ కూడా ఈలోగా సడలింది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉంటుందనీ, ఇతర నాడుల సంకేతాలు, మెదడు పంపే సంకేతాలు ఆ ద్వారాన్ని తెరవగలవు, మూయగలవనీ ప్రతిపాదించారు. నొప్పి ఒక్క తాడు మీద నడిచేది కాకపోతే, తాడు తెంచే చికిత్స ఎంతవరకు పనిచేస్తుంది? నడుము నొప్పి దగ్గర ఈ సందేహం బలంగా ఎదురైంది.

5. నడుము నొప్పి: కత్తి తాకని నాడి

వెన్నుపూసల వెనుక భాగంలో జతలుగా ఫాసెట్ కీళ్లు అనే చిన్న కీళ్లు ఉంటాయి. కొందరి నడుము నొప్పికి ఇవే మూలం. 1971లో ఆస్ట్రేలియా వైద్యుడు స్కిర్మ్ రీస్ సన్నని పొడవైన కత్తిని చర్మం గుండా పంపి ఈ కీళ్ల నాడులను కోస్తున్నానని ప్రకటించాడు. వెయ్యిమంది రోగుల్లో 99.8 శాతం మందికి గుణం కనిపించిందని రాశాడు. ఆ అంకె చూసి ఎవరు ఆకర్షితులు కారు?

అమెరికా శస్త్రవైద్యుడు నార్మన్ షీలీ ఆ పద్ధతిని చేపట్టాడు. కత్తి వల్ల లోపల రక్తం గూడు కడుతున్నందున, దాని స్థానంలో ఎక్స్-రే తెర మీద చూస్తూ రేడియో పౌనఃపున్య సూదిని వాడడం మొదలుపెట్టాడు. 1970ల మధ్యలో ఆయన ఫలితాలు వెలువడ్డాక ఈ చికిత్స అనేక దేశాలకు వ్యాపించింది.

అప్పటిదాకా నాడి కచ్చితంగా ఎక్కడ ఉందో ఎవరూ తగినంత శ్రద్ధతో చూడలేదు. ఆ పని ఆస్ట్రేలియా శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ బొగ్డుక్ చేశాడు. డాన్ లాంగ్‌తో కలిసి 1979లో ప్రచురించిన వ్యాసంలో, మృతదేహాల పరిశీలన ఆధారంగా, అప్పటివరకు సూది పెడుతున్న చోట్లలో అసలు ఆ నాడి లేదని చూపించాడు. మీడియల్ బ్రాంచ్ అనే ఆ సన్నని శాఖ వెన్నుపూస పక్క కొమ్ము మొదట్లో, ఎముకను ఆనుకుని ఉంటుంది. రీస్ కత్తి కూడా అంత లోతుకు చేరేది కాదని శరీర నిర్మాణ పరిశీలనలు తేల్చాయి.

అయితే 99.8 శాతం మంది అబద్ధం చెప్పారా? అలా అనుకోనవసరం లేదు. నడుము నొప్పి దానంతట అదే హెచ్చుతగ్గులకు లోనవుతుంది. బాధ మరీ ఎక్కువైనప్పుడే మనిషి డాక్టరు దగ్గరకు వెళతాడు. ఆ తరువాత ఏమి చేసినా, ఏమీ చేయకపోయినా కొంత తగ్గే అవకాశం ఉంటుంది. డాక్టరు మీద నమ్మకం కూడా నొప్పిని తగ్గిస్తుంది. వీటన్నింటినీ చికిత్స ఖాతాలో వేయడమే అసలు పొరపాటు.

1987లో బొగ్డుక్ బృందం మరో లోపాన్ని బయటపెట్టింది. సూది కొనకు పక్కల వేడి బాగా వ్యాపిస్తుంది; ముందుకు మాత్రం అంతగా పోదు. కాబట్టి గోడకు మేకు కొట్టినట్లు సూదిని నాడికి ఎదురుగా నిలిపితే నాడి తప్పించుకోవచ్చు. నాడి పక్కనే, దానికి సమాంతరంగా ఆనించాలి. కొన్ని మిల్లీమీటర్ల తేడాతో చికిత్స జరిగినట్లే ఉండి జరగకుండా పోతుందన్నమాట.

6. రెండు పరీక్షలు, రెండు జవాబులు

చోటు తెలిసింది, సూది పెట్టే తీరు తెలిసింది. ఇక మిగిలినది నిష్పాక్షికమైన పోలిక. 1996లో సుసాన్ లార్డ్, బొగ్డుక్ తదితరులు వాహన ప్రమాదాల తరువాత దీర్ఘకాలం మెడ నొప్పితో బాధపడుతున్న 24 మంది మీద జరిపిన ప్రయోగాన్ని ప్రచురించారు. నాడికి తాత్కాలికంగా మొద్దుబార్చే మందు ఇచ్చి, నొప్పి అక్కడి నుంచే వస్తున్నదని ముందుగా పదేపదే నిర్ధారించుకున్నారు. 12 మందికి సూది కొన 80 డిగ్రీలకు చేరింది. మిగతా 12 మందికి సూది పెట్టారు, పని అంతా అలాగే చేశారు, కానీ కొనను 37 డిగ్రీల దగ్గరే ఉంచారు. ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియదు. నొప్పి తిరిగి సగం స్థాయికి చేరడానికి పట్టిన మధ్యస్థ కాలం వేడి పెట్టినవారిలో 263 రోజులు, పెట్టనివారిలో 8 రోజులు.

ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నాయి. సరైన రోగిని ఎంచి, సరైన చోట పెడితే వేడి పనిచేస్తుంది. అయితే ఆ గుణం శాశ్వతం కాదు. నాడి మళ్లీ పెరుగుతుంది, నొప్పి తిరిగి రావచ్చు. అప్పుడు చికిత్సను మళ్లీ చేయవచ్చు. కీలులోని అరుగుదలను ఇది బాగుచేయదు. అక్కడి నుంచి వచ్చే కబురును కొంతకాలం ఆపుతుంది.

2017లో నెదర్లాండ్స్ నుంచి వేరే జవాబు వచ్చింది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 681 మందిని మూడు ప్రయోగాల్లో చేర్చుకుని, అందరికీ వ్యాయామ కార్యక్రమం ఇచ్చారు. కొందరికి దానితోపాటు రేడియో పౌనఃపున్య చికిత్స చేశారు. వ్యాయామానికి ఈ చికిత్సను జోడించినందువల్ల చెప్పుకోదగ్గ అదనపు మేలు కనిపించలేదు. దీనిపై వివాదం చెలరేగింది. రోగుల ఎంపిక తగినంత కఠినంగా లేదనీ, సూది పెట్టిన తీరు సరికాదనీ విమర్శకులు అన్నారు. ఒక్కసారి మందు ఇచ్చి చేసే నిర్ధారణ తరచు మోసం చేస్తుందని 1990లలోనే తెలిసిన మాట నిజమే. కానీ ఈ ప్రయోగం అడిగిన ప్రశ్న వేరు. నిపుణులు ఎంచిన 24 మందిలో ఏమి జరుగుతుందని కాక, మామూలు క్లినిక్‌కు వచ్చే మామూలు రోగికి ఏమి దక్కుతుందని అది అడిగింది. ఆ ప్రశ్నకు కూడా విలువ ఉంది, ఎందుకంటే డబ్బు, ఆశ, సమయం పెట్టేది ఆ రోగే.

7. సారాంశం

డెకార్ట్ తాడు బొమ్మ నుంచి నెదర్లాండ్స్ ప్రయోగాల దాకా సాగిన ఈ చరిత్రలో మూడు ప్రశ్నలు క్రమంగా విడివడ్డాయి. నొప్పి నిజంగా ఆ నాడి ద్వారానే వస్తున్నదా? వేడి నిజంగా ఆ నాడిని తాకిందా? తాకకపోయినా అంత ఉపశమనం కలిగి ఉండేదా? రీస్ ఈ మూడింటినీ ఒకే ప్రశ్నగా చూశాడు. మొదటి ప్రశ్నకు మొద్దుబార్చే మందు పరీక్ష, రెండోదానికి శరీర నిర్మాణ శాస్త్రం, మూడోదానికి పోలిక గల ప్రయోగం జవాబు వెదికాయి.

రోగి చెప్పే నొప్పిని అనుమానించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. నొప్పి నిజమైనది కాబట్టే దానికి ఇచ్చే చికిత్సను గట్టిగా ప్రశ్నించాలి. రేపు మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స సూచిస్తే, భయపడనక్కరలేదు, వెంటనే తల ఊపనక్కరలేదు. నొప్పి ఈ నాడిదేనని ఎలా తేల్చారు, గుణం ఎంతకాలం ఉండవచ్చు, దీనితోపాటు వ్యాయామం ఏమి చేయాలి అని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు.

మాదిరి ప్రశ్నలు

1. అధిక పౌనఃపున్య విద్యుత్తు కండరాలను కదిలించకుండా కణజాలాన్ని ఎలా వేడి చేస్తుందో వివరించండి.
2. రీస్ ప్రకటించిన ఫలితాలను 1979 నాటి శరీర నిర్మాణ పరిశీలన వెలుగులో చర్చించండి.
3. 1996, 2017 నాటి ప్రయోగాలు భిన్నమైన జవాబులు ఇవ్వడానికి గల కారణాలను విశ్లేషించండి.
4. మీ ప్రాంతంలో నొప్పికి వాడే ఏదైనా ఒక సంప్రదాయ చికిత్సను తీసుకుని, సారాంశంలోని మూడు ప్రశ్నలను దానికి అన్వయించి రెండు పేజీల వ్యాసం రాయండి.