దండకారణ్యం

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా భేజ్జి పేరు తెలుగు పత్రికల్లో వచ్చిందంటే పక్కనే ‘దండకారణ్యం’ కూడా ఉంటుంది. ఎన్‌కౌంటర్ వార్తలతో అరిగిపోయిన ఈ మాట పుట్టుకే ఒక నేరకథ. రామాయణం ఉత్తరకాండ ప్రకారం ఇక్ష్వాకుడి కొడుకు దండుడు, తన గురువు శుక్రాచార్యుడి కూతురు అరజ ఒంటరిగా కనబడితే బలాత్కరించాడు. ముని శపించాడు. ఏడు రోజుల్లో ధూళివాన రాజ్యాన్ని కప్పేసింది. దండుడి నేల కాబట్టి దండకారణ్యం. అరజ అంటే దుమ్ము అంటనిది. ఆ పేరు పెట్టిన కవి గడుసువాడు.

1901లో కానన్ డాయిల్ ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ నవల కోసం ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బయలుకు అల్లిన పుక్కిటి పురాణమూ ఇదే బాపతు. హ్యూగో అనే భూస్వామి ఓ రైతు పిల్లను ఎత్తుకొచ్చాడు, పారిపోతే వేటకుక్కల్ని ఉసిగొల్పాడు, వంశానికి శాపం చుట్టుకుంది. చెట్టూ చేమా లేని నేల, మనిషిని మింగే ఊబి, పొగమంచు, జైలు నుంచి తప్పించుకున్న ఖైదీ: శాపాన్ని నమ్మించడానికి ఇంకేం కావాలి? డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ మాత్రం దాని వెనకున్న ఆస్తి గొడవను పట్టుకున్నాడు.

భేజ్జి చుట్టుపక్కల తునికాకు కోసేవాళ్లకు దండకారణ్యం ఉత్త అడవే. ప్రభుత్వానికి మాత్రం పురాణనామమే నచ్చింది: 1958లో తూర్పు బెంగాల్ శరణార్థులకు పునరావాసం కోసం పెట్టిన సంస్థ పేరు దండకారణ్య అభివృద్ధి సంస్థ.