గర్భిణి చికిత్స నిరాకరణ హక్కు

తనకు చేయబోయే పరీక్షను, మందును, ఆపరేషన్‌ను వద్దనడానికి వయోజన గర్భిణికి ఉన్న హక్కు ఇది. భారతదేశంలో దీనికి విడిగా చట్టం లేదు. రాజ్యాంగంలోని 21వ అధికరణం, 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం, సుప్రీంకోర్టు తీర్పులు దీనికి ఆధారం.

చట్టం, తీర్పులు

గర్భవిచ్ఛిత్తి చట్టం సెక్షన్ 3(4) ప్రకారం గర్భిణి సమ్మతి లేనిదే అబార్షన్ చేయరాదు. 18 ఏళ్లు నిండనివారికి, మానసిక అనారోగ్యం ఉన్నవారికి సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. భర్త సమ్మతిని చట్టం అడగదు.

చండీగఢ్‌లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మేధోవైకల్యం (మానసిక అనారోగ్యం కాదు) ఉన్న ఒక మహిళ గర్భం ఉంచుకుంటానంది. హైకోర్టు తీయించమంది. సుప్రీంకోర్టు 2009లో ఆ ఉత్తర్వును కొట్టేసి, బిడ్డను కనాలా వద్దా అన్నది స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది (సుచితా శ్రీవాస్తవ కేసు).

సమీరా కోహ్లీ కేసులో రోగి మత్తులో ఉండగా తల్లి ఒప్పుకోలుతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె గర్భిణి కాకపోయినా 2008 నాటి ఆ తీర్పు ఇక్కడా వర్తిస్తుంది: ప్రాణాపాయం లేనప్పుడు వయోజన రోగి బదులు తల్లి ఒప్పుకున్నా చెల్లదు. చికిత్స స్వభావం, లాభనష్టాలు, వేరే దారులు, వద్దంటే కలిగే ముప్పు ముందే చెప్పాలి.

పావగడలో

కర్ణాటక తుమకూరు జిల్లాలోని ఈ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఆఫీసులో కన్నడం, చాలా ఇళ్లలో తెలుగు. అందుకే ఇక్కడ ముందే చెప్పడమంటే భాష సంగతి కూడా: నొప్పులు పడుతున్న మనిషి ముందు సమ్మతి కాగితం పెట్టి "ఇక్కడ సంతకం చెయ్యమ్మా" అంటే సరిపోదు. బిడ్డ అడ్డం తిరిగిందని, సిజేరియన్ చేస్తే ఏమిటో, ఆగితే ఏమిటో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. భర్తో అత్తో పెట్టిన సంతకం ఆమె నిర్ణయానికి బదులు కాదు.

పరిమితులు

స్పృహ లేక, అడగడానికి సంరక్షకులెవరూ దొరకనప్పుడు మేలు కోరి చేసిన చికిత్సకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 30 రక్షణ ఇస్తుంది. స్పృహలో ఉండి వద్దన్న మనిషి సంగతి వేరు. ఇంగ్లండ్‌లో 36 వారాల గర్భిణికి ఇష్టం లేకుండా చేసిన సిజేరియన్‌ను అప్పీలు కోర్టు 1998లో చట్టవిరుద్ధమని తేల్చింది.

సిజేరియన్ వద్దన్నంత మాత్రాన కాన్పు సేవలన్నీ వద్దన్నట్టు కాదు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. వద్దన్నాక మళ్లీ సరేననవచ్చు.